దత్తత విధానంలో గోప్యత - మూలాన్వేషణ: ధర్మశాస్త్ర, ఆధునిక న్యాయ దృష్టుల పరిశీలన

ప్రస్తావన

దత్తత అన్నది ఒక కులంలో పుట్టిన శిశువును మరొక కులం తనదిగా స్వీకరించే సంస్కారం. ఈ సంస్కారంలో ముగ్గురికి ప్రమేయం ఉంది: ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు, ఇవ్వబడిన శిశువు. మొదటి ఇద్దరూ తమ ఇష్టంతో ఒక నిర్ణయానికి వస్తారు. మూడవ వ్యక్తి ఆనాటికి మాట రానివాడు. కాలక్రమాన అతడు పెరిగి పెద్దవాడై, తన జన్మకు కారకులు ఎవరు, తాను ఏ పరిస్థితిలో విడువబడ్డాడు అని ప్రశ్నించినప్పుడు ఆ ప్రశ్నకు సమాధానం ఒక సంస్థ బీరువాలోనో, ఒక ప్రభుత్వ కార్యాలయంలోనో భద్రంగా ఉండవచ్చు. ఆ పత్రాన్ని అతనికి చూపవలెనా, చూపితే బిడ్డను విడిచిన తల్లికి ఆనాడు ఇచ్చిన మాట ఏమి కావలె అన్నది నేటి న్యాయవ్యవస్థ ఎదుర్కొంటున్న క్లిష్టమైన ధర్మసందేహాలలో ఒకటి.

ఈ సమస్య కేవలం ఆధునికమైనదని, ప్రాచీన వాఙ్మయానికి దీనితో సంబంధం లేదని భావించడం కద్దు. అయితే దత్తత జరిగిన విషయాన్ని ఎవరికి తెలపవలె, జన్మకులాన్ని ఎంతవరకు స్మరించవలె, ఏ సందర్భంలో విచారణ మానవలె అన్న ప్రశ్నలను శ్రుతి స్మృతి ఇతిహాసాలు తమ పద్ధతిలో పరిశీలించాయి. ఆ పరిశీలనను నేటి భారతీయ నియమావళితో పోల్చి చూడడం ఈ వ్యాసానికి ప్రయోజనం.

శ్రుతిలో దత్తత వృత్తాంతం

ఐతరేయ బ్రాహ్మణం ఏడవ పంచికలోని శునఃశేపోపాఖ్యానం ఈ విషయంలో మొదట పేర్కొనదగినది. అజీగర్తుడు తన ముగ్గురు కుమారులలో నడిమివాడైన శునఃశేపుని నూరు గోవులకు రోహితునికి ఇచ్చాడు. మరొక నూరు గోవులకు యూపానికి కట్టడానికి, ఇంకొక నూరు గోవులకు వధించడానికి కూడ అంగీకరించాడు. దేవతలను స్తుతించి బంధవిముక్తుడైన శునఃశేపుడు విశ్వామిత్రుని అంకం చేరాడు. అజీగర్తుడు తన కుమారుని తిరిగి ఇమ్మని అడిగినప్పుడు వెళ్ళడానికి నిరాకరించినవాడు శునఃశేపుడే. నిర్ణయాధికారం చివరకు ఇవ్వబడినవానికే దక్కడం ఈ ఉపాఖ్యానంలోని మొదటి విశేషం.

రెండవ విశేషం ప్రకటనకు సంబంధించినది. ఆంగిరసుడనైన నేను నీకు పుత్రుడనెట్లు కాగలనని శునఃశేపుడు అడుగుతాడు. తన జన్మకులాన్ని అతడు దాచలేదు. విశ్వామిత్రుడు తన నూరుగురు కుమారులను పిలిచి, ఇతడు మీకు జ్యేష్ఠుడని బహిరంగంగా తెలిపాడు. అంగీకరించని ఏబదిమంది శాపగ్రస్తులై ఆంధ్ర, పుండ్ర, శబర, పుళింద, మూతిబులయ్యారని ఆ బ్రాహ్మణం చెబుతుంది. ఆంధ్ర శబ్దం వాఙ్మయంలో అతి ప్రాచీనంగా కనబడే చోటు ఒక దత్తత వివాదమే కావడం తెలుగు పరిశోధకులకు ఆసక్తి కలిగించే అంశం.

మూడవది అన్నిటికన్న ముఖ్యమైనది. ఋగ్వేద ప్రథమ మండలంలో 24 మొదలు 30 వరకు గల సూక్తాలకు ఋషిని పేర్కొనేటప్పుడు సర్వానుక్రమణి అతనిని అజీగర్తుని కుమారుడైన శునఃశేపునిగాను, విశ్వామిత్రునికి కృత్రిమ పుత్రుడైన దేవరాతునిగాను రెండు విధాల నమోదు చేసింది. కన్నతండ్రి క్రూరుడు, పుత్రునిచేతనే త్యజింపబడినవాడు. అయినా అనుక్రమణికారుడు అతని పేరును తుడిచివేయలేదు. కొత్త పేరు పాత పేరును కప్పలేదు. దాని ప్రక్కన చేరింది. దత్తత విషయంలో పత్రరక్షణ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్న ప్రాచీనమైన ఉదాహరణ దొరకడం కష్టం.

స్మృతులలో ప్రకటన, స్మరణ

వసిష్ఠ ధర్మసూత్రం 15వ అధ్యాయం దత్తత స్వీకరించేవాడు బంధువులను పిలిచి, రాజుకు నివేదించి, గృహమధ్యంలో వ్యాహృతులతో హోమం చేసి పుత్రుని గ్రహించవలెనని విధించింది. బంధుసమక్షం, రాజనివేదనం అన్న రెండూ సాక్ష్యానికి ఉపకరించేవి. దత్తత రహస్యంగా జరిగితే ఆస్తి, పిండాధికారాల విషయంలో వివాదం తప్పదు. కాబట్టి స్మృతికారుల దృష్టిలో దత్తత ప్రకటిత కర్మ.

మనుస్మృతి (9-142) దత్తపుత్రుడు జనకుని గోత్రాన్ని, రిక్థాన్ని పొందడని చెప్పింది. పిండం ఆ రెండింటినీ అనుసరించి వెళ్ళుతుంది కనుక జనకునితో ఆ సంబంధం కూడ నివర్తిస్తుంది. ఇంతవరకే చూస్తే జన్మకులంతో సంబంధం పూర్తిగా తెగిపోయినట్లు తోస్తుంది. కాని వివాహ విషయం వచ్చేసరికి నిర్ణయసింధువు, ధర్మసింధువు వంటి నిబంధన గ్రంథాలు దత్తుడు ఉభయ గోత్రాలను వర్జించవలెనని నిర్ణయించాయి. అధికారాలు తెగినా రక్తసంబంధం తెగలేదన్నది దీని భావం. ఉభయ గోత్రాలను వర్జించాలంటే ఉభయ గోత్రాలూ తెలిసి ఉండాలి. అందుచేత జన్మకుల జ్ఞానం ఈ విధికి పూర్వాంగం.

ద్వ్యాముష్యాయణుల ప్రవర ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. శౌంగ-శైశిరులు భరద్వాజులైన శుంగులకు, కతులైన శైశిరులకు చెందినవారని ఆశ్వలాయన శ్రౌతసూత్రం పేర్కొని, వారికి రెండు వైపుల నుండి ఋషివరణాన్ని విధించింది. ఎప్పుడో జరిగిన ఒక పుత్రస్వీకార వృత్తాంతం తరతరాలుగా యజ్ఞవేదిక ముందు ఉచ్చరింపబడుతూ వచ్చింది. ఇది పత్రం లేని కాలపు దత్తత పత్రం.

దత్తకమీమాంస, దత్తకచంద్రికలు బ్రిటిషు న్యాయస్థానాలలో ప్రామాణ్యం పొందడానికి 1821లో వెలువడిన సదర్లండు ఆంగ్లానువాదం చాలవరకు కారణం. ఆ తరువాతి న్యాయచర్చ వారసత్వం చుట్టూ తిరిగింది. ఇవ్వబడినవాని జిజ్ఞాస చర్చలోకి రాకపోవడానికి ఇది ఒక హేతువు. దత్తుడు సాధారణంగా జ్ఞాతి కుమారుడే కావడంతో తన కన్నవారు ఎవరో అతనికి తెలిసే ఉండడం మరొక హేతువు.

విచారణ నివృత్తి

అయితే స్మృతులు సర్వత్ర ప్రకటననే కోరాయని చెప్పడం సరికాదు. ద్వాదశవిధ పుత్రులలో గూఢోత్పన్నుడు, కానీనుడు, సహోఢుడు, అపవిద్ధుడు ఉన్నారు. ఇంట పుట్టి, ఎవనికి పుట్టినది తెలియని శిశువు ఆ స్త్రీ భర్తకే చెందుతాడని మనువు (9-170) నిర్ణయించాడు. తల్లిదండ్రులచేత విడువబడిన శిశువును స్వీకరించినవానికి అపవిద్ధుడు పుత్రుడవుతాడు (9-171). ఈ సందర్భాలలో శాస్త్రం తల్లిని నిలబెట్టి జనకుని పేరు చెప్పమని అడగలేదు. శిశువుకు స్థానం కల్పించి విచారణను అక్కడితో ముగించింది. గూఢోత్పన్న, అపవిద్ధులను మనువు దాయాదులలోనే లెక్కించాడు (9-159) కాని, కానీన సహోఢులను అట్లు లెక్కించలేదు (9-160). శిశువుకు లభించిన రక్షణ అందరికీ సమానం కాదన్నది కూడ ఇక్కడ గుర్తించదగినది.

దీనినిబట్టి స్మృతులలో రెండు మార్గాలు కనబడుతున్నాయి. ఇచ్చిపుచ్చుకొన్నచోట ప్రకటన, స్మరణ, విడువబడినచోట మౌనం. నేటి చట్టం దత్తతకు అప్పగించిన శిశువు, విడువబడిన శిశువు అని చేసే విభాగానికి ఇది సన్నిహితంగా ఉంది.

కర్ణుని వృత్తాంతం

మౌనానికి చెల్లించవలసిన మూల్యాన్ని మహాభారతం చూపింది. కన్యగా ఉన్న కుంతి లోకాపవాదానికి వెరచి శిశువును పెట్టెలో ఉంచి అశ్వనదిలో విడిచింది. ఆ పెట్టె చర్మణ్వతీ యమునా గంగల మీదుగా చంపానగర ప్రాంతానికి చేరింది. అధిరథుడు, రాధ ఆ శిశువును పెంచారు. తన కుమారుడు ఎక్కడ పెరుగుతున్నదీ కుంతికి చారుల ద్వారా తెలుసు. తాను ఎవరో కర్ణునికి తెలియదు. జ్ఞానం ఒకే పక్షాన ఉండిపోయింది.

ఉద్యోగపర్వంలో ఈ రహస్యం కర్ణునికి తెలిసిన తీరు పరిశీలించదగినది. మొదట చెప్పినవాడు కృష్ణుడు, అనగా తృతీయ వ్యక్తి. చెప్పిన కాలం యుద్ధారంభానికి ముందు. చెప్పిన ప్రయోజనం కర్ణుని జిజ్ఞాసను తీర్చడం కాదు, అతనిని పాండవపక్షానికి తేవడం. తరువాత కుంతి వచ్చినది కూడ తన కుమారుల రక్షణ కోసమే. మూలజ్ఞానం ఇతరుల కార్యసాధనకు పనిముట్టు కావడంలోని అనౌచిత్యం ఇక్కడ వ్యక్తమవుతుంది.

కర్ణుని ప్రత్యుత్తరం మరింత విలువైనది. రాధ స్తన్యమిచ్చి పెంచిందని, అధిరథుడు జాతకర్మాదులు జరిపి, పేరు పెట్టి, వివాహం చేశాడని, ఆ బంధాన్ని సమస్త భూమి లభించినా విడువలేనని అతడు తెలిపాడు. మూలం తెలిస్తే పెంపుడు బంధం తెగుతుందన్న భయం నేటికీ అనేక కుటుంబాలలో గోప్యతకు కారణమవుతున్నది. కర్ణుని విషయంలో ఆ భయం నిజం కాలేదు. అంతేకాదు, ఈ సంగతి ధర్మరాజుకు తెలియనీయవద్దని కృష్ణుని కోరినవాడు కర్ణుడే. తెలుసుకోవడం వేరు, లోకానికి చాటడం వేరు అన్న వివేకం అతనిలో ఉంది. యుద్ధానంతరం కుంతి వెల్లడించినప్పుడు ధర్మరాజు దుఃఖించి, స్త్రీల మనస్సులో రహస్యం నిలువకుండు గాక అని శపించాడు. ఆలస్యంగా తెలిసిన సత్యం జీవించినవారికి శోకాన్ని మాత్రమే మిగిల్చింది.

ఆధునిక భారతీయ న్యాయవిధానం

1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం సంప్రదాయ దత్తతకు లౌకిక రూపమిచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడం ఆవశ్యకమని, దత్తహోమం ఆవశ్యకం కాదని 11వ సెక్షను పేర్కొన్నది. రిజిస్టరు అయిన దత్తత పత్రానికి 16వ సెక్షను ప్రామాణ్యం కల్పించింది. వసిష్ఠుని రాజనివేదనానికి ఇది నేటి రూపం. దత్తుడు జన్మకుటుంబంలోనే ఉండి ఉంటే ఎవరిని వివాహమాడరాదో, దత్తత తరువాతను వారిని వివాహమాడరాదని 12వ సెక్షను నియమించింది. హిందూ వివాహ చట్టం (1955) సపిండతను తండ్రివైపు 5, తల్లివైపు 3 తరాల వరకు గణించింది. జన్మకులం తెలియని దత్తునికి ఈ నియమాన్ని పాటించే మార్గం లేదు. ఒక చట్టం నిషేధాన్ని విధిస్తుండగా, ఆ నిషేధాన్ని తెలుసుకొనే సాధనం మరొక చట్టం కింద ముద్ర వేసి ఉండడం గమనార్హం.

అపరిచితుల మధ్య, సంస్థల ద్వారా జరిగే దత్తతలు పెరిగిన తరువాతనే గోప్యత ప్రధాన విషయమయింది. లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యంలో 1984లో జస్టిస్ పి. ఎన్. భగవతి వెలువరించిన సుప్రీంకోర్టు తీర్పు విదేశీయుల దత్తతకు నియమాలను ఏర్పరచింది. విచారణ రహస్యంగా సాగవలెనని, స్వీకర్తలు ఎవరో కన్నవారికి తెలియరాదని ఆ తీర్పు ఆదేశించింది. అదే తీర్పు, బిడ్డ పరిణతి చెందిన తరువాత కన్నవారిని గురించి అడిగితే, ఆ వివరాలను పెంపుడు తల్లిదండ్రులు తమ విచక్షణ మేరకు తెలుపవచ్చునని కూడ పలికింది. ఇక్కడ మూలజ్ఞానం దత్తుని హక్కు కాదు, స్వీకర్తల అనుగ్రహం.

తరువాతి పరిణామం ఈ అనుగ్రహాన్ని హక్కువైపు నడిపింది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, సాధ్యమైనంతవరకు తల్లిదండ్రులను తెలుసుకొనే హక్కును శిశువుకు గుర్తించింది. భారతదేశం 1992లో దానిని అంగీకరించింది. 1993 నాటి హేగ్ ఒడంబడిక 30వ అధికరణం శిశువు మూలానికి, వైద్య చరిత్రకు సంబంధించిన సమాచారాన్ని భద్రపరచడం ప్రభుత్వాల విధి అని, ఆ దేశపు చట్టం అనుమతించిన మేరకు తగిన మార్గదర్శనంతో దానిని శిశువుకు అందుబాటులో ఉంచవలెనని చెప్పింది. దీనిని భారతదేశం 2003లో ధ్రువీకరించింది.

2015 నాటి బాల న్యాయ చట్టం కింద శిశువును అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచనకు 2 నెలల గడువు ఉంది. కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ నియమావళిలో, 2017 నాటి రూపంలోను 2022 నాటి రూపంలోను, మూలాన్వేషణకు ప్రత్యేక నిబంధన ఏర్పడింది. 2017 నియమావళి ప్రకారం 18 ఏళ్లు నిండిన దత్తులు స్వయంగా, అంతకు లోపు వయసువారు పెంపుడు తల్లిదండ్రులతో కలిసి దరఖాస్తు చేయవచ్చు. అప్పగించిన నాడు కన్నవారు అజ్ఞాతంగా ఉండగోరితే వారి లిఖితపూర్వక సమ్మతి పొందాలి. వారు నిరాకరించినా, దొరకకపోయినా అప్పగింతకు దారితీసిన కారణాలను, పరిస్థితులను దత్తునికి తెలుపవలె. తృతీయ వ్యక్తుల అన్వేషణ నిషిద్ధం. దత్తుని హక్కు కన్నవారి గోప్యతా హక్కును భంగపరచరాదు. హిందూ దత్తత, భరణ చట్టం కింద జరిగే దత్తతలకు బాల న్యాయ చట్టం వర్తించదని దాని 56వ సెక్షనే చెప్పడంవల్ల, కుటుంబాల మధ్య జరిగే దత్తతలు ఈ ఏర్పాటుకు వెలుపల ఉన్నాయి.

విదేశీ న్యాయవ్యవస్థలలోను ఏకాభిప్రాయం లేదు. స్కాట్లండు 1930 నాటి చట్టం నుండే దత్తులకు తమ జన్మనమోదును చూచే అవకాశమిచ్చింది. ఇంగ్లండు 1975లో ఇచ్చింది. ఫ్రాన్సు తల్లికి అజ్ఞాతంగా ప్రసవించే హక్కును నిలుపుతూనే 2002లో అన్వేషణకు తోడ్పడే జాతీయ మండలిని నెలకొల్పింది. ఆ ఫ్రెంచి విధానాన్ని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం 2003లో 10-7 ఆధిక్యంతో సమర్థించింది. ఏడుగురు న్యాయమూర్తులు విభేదించడమే ఈ ప్రశ్న ఎంత సమతూకంగా నిలిచి ఉన్నదో తెలుపుతుంది.

పూర్వపక్షాలు

గోప్యతావాదులు ఇట్లంటారు: తల్లి ఒక అభయాన్ని నమ్మి శిశువును అప్పగించింది. ఇరువది ఏళ్ల తరువాత ఆ అభయాన్ని భంగపరిస్తే ఆమె ప్రస్తుత కుటుంబజీవనానికి ముప్పు. అభయం నిలువదని తెలిస్తే తల్లులు శిశువులను సంస్థలకు అప్పగించక చాటుగా విడుస్తారు. అప్పుడు పత్రమే ఉండదు. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది కూడ.

మూలజ్ఞానవాదుల మాట ఇది: ఆ అభయం ఇద్దరి మధ్య ఒప్పందం. దాని భారాన్ని మోసేవాడు ఆ ఒప్పందంలో పక్షం కాదు. వంశానుగత రోగాల వివరం, వివాహ నిషేధ జ్ఞానం, తన కథ తనకు తెలియడం అన్నవి అతని జీవనానికి సంబంధించినవి. గోప్యత కూడ ఎవరి వ్యక్తిత్వాన్ని రక్షించడానికో ఆ వ్యక్తిత్వంలో స్వమూల జ్ఞానం ఒక భాగం.

సమాధానం

ఈ రెండింటిలో ఒకదానిని పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. మీమాంసకుల ఉత్సర్గాపవాద న్యాయం ఇక్కడ ఉపకరిస్తుంది. లోకం విషయంలో గోప్యత ఉత్సర్గం. దత్తుని జిజ్ఞాస దానికి అపవాదం. కన్నవారు అజ్ఞాతాన్ని కోరడం ఆ అపవాదానికి అవధి. అవధి ఉన్నదని అపవాదం నశించదు. నియమావళి నామాన్ని, కారణాన్ని వేరు చేసినది ఇందుకే. కన్నతల్లి పేరు చెప్పకుండానే ఆమె ఎందుకు విడిచిందో చెప్పవచ్చు. కుంతి ఎదుట కర్ణుడు వ్యక్తం చేసిన ఆవేదన తనను విడిచినందుకే గాని ఆమె పేరు తెలియనందుకు కాదు. చాలమంది దత్తుల ప్రశ్నలోను ‘ఎవరు’ అన్నదానికన్న ‘ఎందుకు’ అన్నదే బరువైనది.

శాస్త్రాధ్యయనంలో చెప్పే అనుబంధ చతుష్టయాన్ని ఈ సమాచారానికి అన్వయిస్తే విషయం మరింత విశదమవుతుంది. అధికారి దత్తుడు; పత్రికలు, జ్ఞాతులు, దళారులు కారు. విషయం మూడు అంతరాలది: వైద్య వివరాలు, అప్పగింత పరిస్థితులు, కన్నవారి గుర్తింపు, మొదటి రెండింటికి సమ్మతి అడ్డు కానవసరం లేదు. సంబంధం నేరుగా తలుపు తట్టడం కాదు, బాధ్యతగల సంస్థ మధ్యవర్తిత్వం. ప్రయోజనం దత్తుని ఆత్మజ్ఞానం. ఆస్తి వివాదం కాని, పరుల కార్యసాధన కాని కాదు. కృష్ణ కర్ణ సంవాదంలో లోపించినవి ఇవే: చెప్పినది తృతీయ వ్యక్తి, ప్రయోజనం అన్యం, కాలం అనుచితం.

ఇక్కడ ఒక మినహాయింపును గుర్తించాలి. గోప్యత తల్లిని రక్షించడానికి ఏర్పడింది. సంస్థను రక్షించడానికి కాదు. 1999, 2001 సంవత్సరాలలో నాటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా నేటి తెలంగాణలోని లంబాడా తండాల నుండి ఆడశిశువులను డబ్బిచ్చి సేకరించి దత్తతకు పంపారన్న ఆరోపణలు వెలువడ్డాయి. అప్పగింత పత్రమే అబద్ధమైనచోట, ‘తల్లి అజ్ఞాతాన్ని కోరింది’ అన్న వాక్యానికి విలువ ఏమి? అట్టిచోట తల్లి కూడ బిడ్డను వెదుకుతూ ఉండవచ్చు. ముద్ర వేసిన కవరు ఇద్దరినీ వంచిస్తుంది. అందువల్ల అజ్ఞాతాభ్యర్థన తల్లి స్వయంగా చేసినదేనా అన్నది సంస్థకు వెలుపలి అధికారి పరీక్షించిన తరువాతనే దానికి బలం ఉండవలె. అజీగర్తుడు గోవులు పుచ్చుకొన్న సంగతిని శునఃశేపుడు అందరి ఎదుట చెప్పగలిగాడు; పత్రం మూసి ఉన్న దత్తునికి ఆ అవకాశం లేదు.

అపవిద్ధుని విషయంలో మాత్రం ఏ నియమమూ పూర్తిగా ఫలించదు. ఊయలలోనో, ఆలయ సోపానంపైనో దొరికిన శిశువుకు దొరికిన చోటు, కాలం, ఒంటిమీది గుడ్డ తప్ప మూలం లేదు. ఆ అల్ప వివరాలను సైతం శ్రద్ధగా నమోదు చేసి భద్రపరచడమే అక్కడి ధర్మం. నేడు విదేశాలలో దత్తులు జన్యుపరీక్షల ద్వారా దూరపు బంధువులను గుర్తిస్తున్నారు. చట్టం మూసిన ద్వారాన్ని విజ్ఞానం తెరుస్తున్నప్పుడు, మధ్యవర్తి లేని ఆ పరిచయంకన్న సంస్థ ద్వారా మెల్లగా జరిగే పరిచయమే కన్నతల్లికి కూడ క్షేమకరం.

ఉపసంహారం

పై పరిశీలనవల్ల తేలిన అంశాలివి. దత్తత వృత్తాంతాన్ని భద్రపరచడం, దత్తునికి తెలపడం, లోకానికి ప్రకటించడం అన్నవి మూడు వేరు వేరు కర్మలు. మొదటిది సర్వదా విధి, రెండవది అధికారి, కాల, విషయ భేదాలనుబట్టి విధి, మూడవది నిషేధం. వీటిని కలగలిపినందువల్లనే గోప్యతకు, జ్ఞానానికి విరోధమున్నట్లు తోస్తుంది. సర్వానుక్రమణి రెండు పేర్లనూ ప్రక్కప్రక్కన నిలిపింది. ద్వ్యాముష్యాయణ ప్రవర రెండు కులాల ఋషులనూ పిలిచింది. కర్ణుడు తన మూలాన్ని తెలిసికొని, రహస్యాన్ని కాపాడి, పెంచినవారికే చెందినవాడుగా నిలిచాడు. దత్తునికి మూలజ్ఞానం కలిగినంత మాత్రాన కన్నతల్లి మర్యాదకు, పెంచినవారి మమతకు లోపం రానక్కరలేదని ఈ మూడు ఉదాహరణలు నిరూపిస్తున్నాయి. కుటుంబాల మధ్య జరిగే సంప్రదాయ దత్తతలకు కూడ వర్తించే మూలాన్వేషణ నియమం ఇంకను ఏర్పడవలసి ఉంది.